ఏడుగురి వంతు

పండగ పూట మా ఇంట్లో చక్కెర లేని కాఫీ, చావింట్లో పోసేది, కాయాలట. ఆ మాట చెప్పడానికి మా బావ తుల్బా బక్రీద్ ముందు రోజు మధ్యాహ్నం వచ్చాడు. ఆ రోజుండే పండగ ఉపవాసం మీద ఉన్నాడు, పెదాలు ఎండిపోయాయి. గుమ్మం దాటి లోపలికి రాకుండా, చేతులు కట్టుకుని, గోడకేసి చూస్తూ చెప్పాడు. నా మొహంలోకి చూసే ధైర్యమే ఉంటే అసలు ఆ మాట అనేవాడే కాదు.

"రేపు మధ్యాహ్నం నమాజు కాగానే మసీదులో బద్రీకి జనాజా నమాజు చదివిస్తున్నాం. శవం దొరక్కపోయినా చదవొచ్చని ఇమాము గారన్నారు. పండక్కి పడవలన్నీ రేవులోనే ఉన్నాయి, మళ్ళీ ఇంతమంది ఒక్కచోట ఎప్పుడు దొరుకుతారు? ఆడవాళ్ళు నీ దగ్గరికి పరామర్శకొస్తారు. నువ్వు కాఫీ పెట్టు చాలు."

"ఎవరికి చదివిస్తున్నారు బావగారూ?"

"వినపడలేదా? బద్రీకి."

"బద్రీ చచ్చిపోయాడని మీతో ఎవరన్నారు? సముద్రం కబురు పెట్టిందా?"

"ఏడు నెలలైంది ఇన్సాఫ్." గొంతు తగ్గించాడు. "నాకు మాత్రం తమ్ముడు కాదా? అమ్మని చూడు, పుల్లలా అయిపోయింది. ఒక్కసారి కరువుతీరా ఏడిస్తే ఆమెకీ తేలిక, నీకూ తేలిక. నీకింకా ముప్ఫై ఏళ్ళే. ఎంతకాలం ఇలా కూర్చుంటావ్?"

"నా వయసు సంగతి నేను చూసుకుంటాను. మీరు ఉపవాసం విడిచే వేళ చూసుకోండి."

తుల్బా చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకెంత సుఖంగా ఉండేదో, నాలుగు తిట్టి తలుపేసుకునేదాన్ని. ఈ ఏడు నెలలూ మా ఇంటికి పిండీ, నూనే, గ్యాసూ మోసింది అతనే. మంచివాళ్ళు మన మంచికోసం చేసే పనిని ఆపడం ఎంత కష్టమో నాకు ఆ మధ్యాహ్నం తెలిసింది.

మా రేవు ఊరు ఎజ్బెత్ అల్ బుర్జ్‌లో పడవ ఆలస్యం కావడం కొత్త కాదు. గాలి తిరిగితే వారం, ఇంజను చెడితే నెల, పరాయి దేశం నీళ్ళలోకి పోయి పట్టుబడితే ఏడాది. సరంగు షలబీ పడవలో ఏడుగురు వెళ్ళారు. నా మొగుడు బద్రీ అందులో వలల పని చూసేవాడు. వెళ్ళిన తొమ్మిదో రోజు నుంచి ఫోన్లు మోగలేదు. కానీ ఒక్క చెక్కముక్క తేలలేదు, ఒక్క నూనె డబ్బా ఒడ్డుకి కొట్టుకురాలేదు. పైగా పడమటి నుంచి వచ్చిన ఇంకో పడవవాళ్ళు, బూడిద రంగు గస్తీ ఓడ ఒకటి ఆకుపచ్చ పడవని లాక్కుపోవడం చూశామన్నారు. మాది ఆకుపచ్చ పడవే. ఆకుపచ్చ పడవలు వంద ఉంటాయని ఊరంతా అంది. ఉంటాయి. అది ఆ వందలో మాది కాదని మాత్రం ఎవరు చెప్పగలరు?

ప్రతి ఆదివారం నేను బస్సెక్కి దమియెత్తాలో ఒక ఆఫీసుకి పోయి గుమాస్తా ఎదురుగా కూర్చుంటాను. పట్టుబడినవాళ్ళ కోసం పరాయి దేశాల జైళ్ళకి ఉత్తరాలు రాసేది ఆ ఆఫీసే. మొదట్లో ఏడిళ్ళ ఆడవాళ్ళం కలిసి వెళ్ళేవాళ్ళం. మూడో నెల నుంచి ఒక్కొక్కరే పరామర్శలు తీసుకున్నారు, నల్లబట్టలు కట్టారు, రావడం మానేశారు. పోయిన ఆదివారం గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "అమ్మా, ఏడు పేర్లలో ఆరింటికి ఇంటివాళ్ళే చావు ఒప్పేసుకున్నారు. మీ ఇంట్లో కూడా పరామర్శలైపోతే ఈ ఫైలు కట్టి పైన పెట్టేస్తాను," అన్నాడు. పాపం, అదేదో నాకు శ్రమ తగ్గిస్తున్నట్టే అన్నాడు. అంటే రేపు నేను ఆ కాఫీ పోస్తే, ఏ జైల్లోనో గోడకి చేరబడి ఎదురుచూస్తున్న మనిషిని నా చేత్తో నేనే పూడ్చినట్టు. ఒక్కడిని కాదు, ఏడుగురినీ.

తుల్బా వెళ్ళాక వంటింట్లోకి పోయి నిలబడ్డాను. అప్పుడు ఒక సంగతి తట్టి సిగ్గుతో చచ్చిపోయాను. మా ఊళ్ళో చావు జరిగిన ఇంట్లో వెల్లుల్లి తాలింపు వేయరు. ఉడికించినదేదైనా తినొచ్చు, కానీ వెల్లుల్లి నేతిలో వేగి ఆ వాసన వీధిలోకి పోకూడదు. పోతే ఆ ఇంట్లో దుఃఖం లేదని అర్థం. ఎవరూ ఎవరికీ కూర్చోబెట్టి నేర్పరు, పుట్టినప్పటి నుంచీ చూసి నేర్చుకున్నదే. బద్రీ బతికే ఉన్నాడని ఊరి మీద పడి అరుస్తున్న నేను, ఏడు నెలలుగా ఉడికించిన పప్పూ, ఉడికించిన దుంపలే తింటున్నాను. పొయ్యి మీద ఒక్క వెల్లుల్లి రెబ్బ వేయలేదు. నోరేమో బతికున్నాడంటోంది, చేతులేమో ఎప్పుడో పూడ్చేశాయి. నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది.

రేపు ఫత్తా వండుతాను, అనుకున్నాను. మా పండగ వంట అదే, వెల్లుల్లి, వెనిగర్ తాలింపు పోయనిదే ఫత్తా కాదు. తాలింపు ఊరంతా ఘుమాయించేలా వండుతాను. ఎవడాపుతాడో చూస్తాను.

పండగ నమాజు కాగానే తుల్బా పొట్టేలుని కోశాడు. బంధువుల వాటా కింద రెండు కిలోల మాంసం, జబ్బ ముక్కలూ పక్కటెముకలూ, మా ఇంటికి పంపించాడు. విధవరాలు పండగపూట పస్తుండకూడదని కాబోలు. నేను గ్యాసు పొయ్యి వంటింట్లోంచి లాక్కొచ్చి వాకిట్లో పెట్టాను. మాంసం నీళ్ళలో వేసి, నురగ ఒక్క చుక్క మిగలకుండా తీసి, ఉల్లిపాయ, యాలకులు, బిర్యానీ ఆకు వేసి మూత పెట్టాను. రొట్టెలు సెగ మీద గలగలలాడేలా కాల్చి తుంచి పళ్ళెంలో పరిచాను. ఇత్తడి పళ్ళెం అది, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు.

మా అత్త నఫూసా గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. రెండో నెల నుంచీ నలుపే కట్టింది. కొడుకు గురించి పోయాడనీ అనలేదు, ఉన్నాడనీ అనలేదు. అడిగే ధైర్యం నాకూ లేకపోయింది.

"ఏమే, ఏం చేస్తున్నావ్?"

"ఫత్తా అత్తా."

"తుల్బా కాఫీ పెట్టమన్నాడు కదా."

"ఆయన మసీదులో ఏం చేసుకుంటాడో చేసుకోనీ. నా పొయ్యి మీద నేను చేసుకునేది నేను చేసుకుంటా."

ఆవిడ పళ్ళెం వైపు చూసింది. "రొట్టెలు ఆ చివర మాడాయి," అని మళ్ళీ గదిలోకి వెళ్ళిపోయింది. అది తిట్టో, దీవెనో నాకు అర్థం కాలేదు.

మధ్యాహ్నం అజాన్‌కి కాస్త ముందే ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టారు. అందరూ నలుపులో, చేతుల్లో కాఫీ చెంబులతో. వాకిట్లోకి అడుగు పెట్టినవాళ్ళు పెట్టినట్టే ఆగిపోయారు. నేను గళ్ళ గౌను వేసుకుని, చేతులు పైకి మడిచి, మాంసం ఉడికిన నీళ్ళు గరిటెతో రొట్టెల మీద పోస్తున్నాను. అన్నం పక్కన ఆవిరి కక్కుతోంది. షలబీ పడవ మీద పోయినవాళ్ళ భార్యలు ఆరుగురూ వచ్చారు. ముందు సరంగు భార్య రావ్యా ఉంది. మా అందరికంటే పెద్దది, నోరు కూడా అందరికంటే పెద్దదే.

"ఇదేమిటే ఇన్సాఫ్?"

"పండగ కదా అక్కా. ఫత్తా."

"సిగ్గులేదుటే? అవతల నీ మొగుడికి జనాజా చదువుతున్నారు, ఇవతల నువ్వు విందు వండుతున్నావా?"

"నా మొగుడికి కాదు. చచ్చినవాడు ఎవడున్నాడో వాడికి చదువుకోమను."

నేను దంచిన వెల్లుల్లి తీసి కాగిన నేతిలో వేశాను. చుయ్యిమంది. వెనక నిలబడ్డవాళ్ళలో ఎవరో "అయ్యో దేవుడా" అన్నారు. రావ్యా నా మీదికి వచ్చేసింది. ఆమె మొహం ఎర్రబడింది.

"అంటే ఏమిటి నీ ఉద్దేశం? మేం ఆరుగురం కట్టుకున్నవాళ్ళని బతికుండగానే పూడ్చేశాం, నువ్వొక్కదానివే పెళ్ళానివి, అంతేనా? వీధంతా వాసన కొట్టి చెప్తున్నావా ఆ మాట?"

"అంతే. చెప్తున్నాను."

"నీ నోట్లో మన్ను పడ! మేం ఏడవలేదా? నా నలుగురు పిల్లలూ రాత్రింబగళ్ళు తలుపుకేసి చూస్తుంటే వాళ్ళకి ఏం చెప్పమంటావ్? రోజూ అబద్ధం చెప్పమంటావా? ఎదురుచూడటం నీకు తేలిక, నీ వెనక ఎవరూ లేరు. నాకు..."

"నాకు తేలికా?" గరిటె వదిలేసి ఆమెకి ఎదురు నిలబడ్డాను. "ప్రతి ఆదివారం ఆ గుమాస్తా ముందు ఒక్కదాన్నే కూర్చుంటున్నా అక్కా! నీ మొగుడి పేరు కూడా నేనే చెప్తున్నా. తండ్రి పేరుతో సహా చెప్తున్నా. ఏడుగురి పేర్లూ నా ఒక్క నోటితో చెప్పి చెప్పి గొంతు పోతోంది. నువ్వు నలుపు కట్టుకుని ఇంట్లో కూర్చున్నావ్, నీ మనిషికి నేను కాపలా కాస్తున్నా. తేలికంట!"

"నిన్నెవరు కాయమన్నారే? నిన్ను నేను..." అని చెయ్యి ఎత్తినదల్లా రావ్యా ఒక్కసారిగా బాణలి వైపు చూసి కేక పెట్టింది. "మాడిపోతోందే మొద్దూ! వెల్లుల్లి మాడిపోతోంది! వెనిగర్ ఏదీ?"

నేను తిరిగి చూసేలోపే ఆమె నన్ను భుజంతో నెట్టేసింది. కిందున్న వెనిగర్ సీసా అందుకుని బాణలిలో కుమ్మరించింది. వాకిలంతా భగ్గున ఆవిరి కమ్మింది. పులుపూ వెల్లుల్లీ కలిసిన ఆ ఘాటుకి అందరికీ దగ్గొచ్చింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గోడ దాటి, మేడలెక్కి, ఆ వాసన బజారు దాకా పోయింది.

ఆవిరి తగ్గేసరికి రావ్యా సీసా పట్టుకుని అలాగే నిలబడి ఉంది. చేతిలో సీసాకేసి చూసింది, తన నల్ల చెంగు కేసి చూసింది. పాతికేళ్ళు పొయ్యి దగ్గర గడిపిన చెయ్యి, మాడే వెల్లుల్లిని చూస్తే ఊరుకోదు. అంతవరకే అది. కానీ తాలింపు వేసేసింది. నా ఇంట్లో, నలుపు కట్టుకుని, తన చేత్తో.

బాణలిలో వేలు ముంచి నాకింది. మొహం చిట్లించింది.

"చప్పగా ఉంది. షలబీ ఇలాంటిది పెడితే కంచం నెట్టేస్తాడు," అని సీసాలో మిగిలింది కూడా పోసేసింది. పోస్తూ పోస్తూ ఏడ్చేసింది. నేను ఆమెని పట్టుకున్నాను. ఇద్దరం బాణలి దగ్గరే కూలబడి, ఒకరి మెడ ఒకరం పట్టుకుని ఏడ్చాం. నాకు సిగ్గేం లేదు చెప్పడానికి, ఏడు నెలల్లో నేను మనుషుల మధ్య ఏడవడం అదే మొదలు.

మసీదు మా వీధి చివరే. అక్కడ జరిగింది నాకు తర్వాత తెలిసింది. మధ్యాహ్నం నమాజు అయ్యాక జనాజా నమాజుకి అందరూ వరసల్లో నిలబడ్డారట. ఇమాము గారు చేతులు ఎత్తబోయి, ఆగి, గాలి పీల్చి, "ఈ తాలింపు ఎవరింట్లో?" అన్నారట. బద్రీ ఇంట్లో అని ఎవరో చెప్పారు. "పెళ్ళాం తాలింపు వేస్తుంటే నేనిక్కడ మొగుడికి జనాజా ఎలా చదవనయ్యా? ముందు మీరూ మీరూ తేల్చుకుని రండి," అని చెప్పులేసుకుని భోజనానికి వెళ్ళిపోయారట. ఆయనకి ఆకలి మీద ఉన్నప్పుడు శాస్త్రం బాగా గుర్తుకొస్తుంది.

తుల్బా ఊగిపోతూ వచ్చాడు. "పరువు తీశావ్! ఊరి మగాళ్ళందరి ముందూ నా పరువు తీసేశావ్! ఎవరిచ్చారు నీకీ హక్కు?"

"ఒరేయ్ తుల్బా," అంది మా అత్త.

గదిలోంచి ఎప్పుడొచ్చిందో తెలీదు. పళ్ళెం ముందు పీట వేసుకుని కూర్చుంది. మా ఇళ్ళలో పండగ మాంసం ఎవరికి వాళ్ళు తీసుకోరు, ఇంటి పెద్దావిడ చేత్తో పంచాలి. ఆవిడ పంచేదాకా ఎవరూ ముట్టరు. నేను గబగబా అన్నం రొట్టెల మీద పరిచి, తాలింపు పోసి, మాంసం గిన్నె ఆవిడ పక్కన పెట్టాను. ఆవిడ చేయి గిన్నెలోకి పోయింది. నేను ఆ చేతినే చూస్తున్నాను. ఎందుకంటే పంచేటప్పుడు ఎప్పుడూ మొదట తీసేది వేటకి పోయి ఇంకా రానివాళ్ళ వంతు. చచ్చినవాళ్ళకి వంతుండదు. ఏడు నెలలుగా నేను అడగలేనిది ఇప్పుడు ఆవిడ చేయి చెప్పబోతోంది.

ఆవిడ గిన్నెంతా వెతికి జబ్బలోంచి కొవ్వున్న పెద్ద ముక్క తీసింది. ఖాళీ కంచంలో పెట్టింది.

"ఇది బద్రీది," అంది.

అత్త తుల్బా వైపు చూడనే లేదు. రావ్యా వైపు తిరిగింది.

"నీ వాడిది తియ్యనా, వద్దా? నువ్వు చెప్పు. నేను నోరు పెట్టను."

రావ్యా చెంగుతో ముక్కు తుడుచుకుంది. "తియ్యి పెద్దమ్మా. పక్కటెముక తియ్యి. ఎముక లేకపోతే ఆయన తిన్నట్టుండదంటాడు."

తర్వాత ఒకరి పక్కన ఒకరు వచ్చి కూర్చున్నారు. పేరు చెప్పారు, ముక్క కంచంలో పడింది. ఆరో ఆమె ఆమాల్ మాత్రం గోడ దగ్గర నుంచి కదల్లేదు. పెళ్ళైన నాలుగో నెలకే ఆమె మొగుడు పడవెక్కాడు. అత్త అడిగితే తల అడ్డంగా ఊపింది.

"నాకొద్దు పెద్దమ్మా. నన్ను వదిలెయ్యండి. ఒకసారి ఆశ చంపుకోవడానికే నా ప్రాణం పోయింది, మళ్ళీ నా వల్ల కాదు."

ఎవరూ ఆమెని ఏమీ అనలేదు. నేను కూడా నోరు మూసుకున్నాను, అది నాకు కష్టమైన పనే అయినా. అత్త ఇంకో ముక్క తీసి కంచంలో పెట్టింది. "నువ్వు ఎదురుచూడకులే తల్లీ. వాడి కోసం మేం చూస్తాం. నువ్వు కూర్చుని తిను."

ఏడు వంతులు తీసేసరికి మిగిలింది ఎముకలూ అడుగుబొడుగూ. వాకిట్లో ఇరవై మందికి పైగా ఉన్నారు. అత్త చిన్న చిన్న పీచులు చేసి పంచింది. చివరికి ఒక్క ముక్క మిగిలితే తుల్బా చేతిలో పెట్టింది. అతను దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి వంగి, బద్రీ ముక్క పక్కన తనదీ పెట్టేశాడు.

"వాడికి ఎప్పుడూ నా కంచంలోది లాక్కోవడం అలవాటు," అన్నాడు. "నేను వాణ్ణి కొట్టేవాణ్ణి అందుకు."

నాకు దక్కింది తాలింపు అన్నం, తడి రొట్టె. తృప్తిగా తిన్నాను. నాకు తెలిసి నేను వండినవాటిలో అంత పుల్లటి ఫత్తా ఇంకొకటి లేదు.

పండగ సెలవులయ్యాక ఆదివారం పొద్దున బస్సులో ఏడుగురం వెళ్ళాం. ఏడో మనిషి ఆమాల్ కాదు, తుల్బా. ఆఫీసులో మమ్మల్ని చూసి గుమాస్తా లేచి నిలబడ్డాడు. అన్ని కుర్చీలు లేవు అక్కడ.

"ఇంతమంది ఎందుకొచ్చారమ్మా? మీ ఆరిళ్ళల్లో చావు ఒప్పుకున్నారు కదా?"

రావ్యా సంచిలోంచి టిఫిను డబ్బా తీసి ఫైళ్ళ మీద ఠంగుమని పెట్టి మూత తీసింది. నాలుగు రోజులు నా ఫ్రిజ్‌లో గడ్డకట్టి, బస్సులో గంటసేపు ఎండలో కరిగిన మాంసం. గుమాస్తా ముక్కు మూసుకున్నాడు.

"ఇది ఏడుగురి పండగ వంతు నాయనా. చచ్చినవాళ్ళకి వంతు తీసే ఆనవాయితీ మా ఊళ్ళో లేదు. వాళ్ళు వచ్చి తినేదాకా ఇది నీ బల్ల మీదే ఉంటుంది."

"అమ్మా, వాసనొస్తోంది..."

"వస్తుంది మరి," అన్నాను నేను. "జూన్ ఎండ కదా. తొందరగా రాయడం మొదలుపెట్టు."

అతను డబ్బా వైపు చూశాడు, మా వైపు చూశాడు. ఫైలు ముడి విప్పి, పెన్ను తీసి, మొదటి పేరు చెప్పమన్నాడు. నేను నోరు తెరిచేలోపే రావ్యా చెప్పేసింది.